సగం జవాబు

మా కొత్తూరులో ఆదివారం సాయంత్రం ఒక టైలర్ షాపులో ఐదారుగురం కూర్చుంటాం. మెషిన్ల మీద గుడ్డ కప్పేసి, బట్టలు కత్తిరించే బల్ల మీద టీ గ్లాసులు పెట్టుకుంటాం. కొలతలు గీసే సుద్దబిళ్ళ ఆ బల్ల మీదే ఉంటుంది. దాంతో నల్లటి కోటు గుడ్డ ముక్క మీద ఎవరో ఒకరు ఆ వారం పొడుపు రాస్తారు. నేను మొదటిసారి వెళ్ళిన రోజు దాని మీద ఇలా ఉంది:

పని లేదు. ఇక మిగిలింది ఆ భోగమే.

కింద చిన్న అక్షరాలతో, రాగం పేరు చెప్పాలి అని ఉంది.

నాకు రాగాలు కొంచెం తెలుసు. పాతిక ముప్ఫై పేర్లు మనసులో తిప్పుకున్నాను. ఏదీ అతకలేదు. అతకలేదు కాబట్టి నోరు మెదపలేదు. మొట్టమొదట మాట్లాడింది టైలరన్న. "సార్, నాకు రాగాలు తెల్వవు. గానీ ప, ని... రెండూ స్వరాలే కద?" అన్నాడు. ఆ మాట వినగానే వీణ నేర్చుకుంటున్న డిగ్రీ పిల్ల తలెత్తింది. "ప, ని లేకుంటే స, రి, గ, మ, ద మిగుల్తయి" అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ మెల్లగా పాడింది. పాడగలిగింది గానీ పేరు గుర్తు రాలేదు. రిటైరైన తెలుగు మాస్టారు కళ్ళు మూసుకుని "ఆ భోగమే... ఆ భోగ..." అని రెండుసార్లు గొణిగి, చటుక్కున కళ్ళు తెరిచారు.

"ఆభోగి!"

ఆ ముగ్గురిలో ఎవరికీ జవాబు తెలియదు. ఒకరికి ఒక ముక్క తెలుసు, ఇంకొకరికి ఇంకో ముక్క తెలుసు. ముక్క ఉన్నవాళ్ళు దాన్ని దాచుకోకుండా బల్ల మీద పెట్టారు. వాళ్ళందరికన్నా రాగాల పేర్లు ఎక్కువ తెలిసిన నేను మాత్రం పూర్తి జవాబు దొరికేదాకా ఆగాను. ఆ సాయంత్రం బల్ల మీద నేను పెట్టింది ఏమీ లేదు.

పోయిన అధ్యాయంలో ఒంటరిగా కూర్చుని పాట వినడం గురించి రాశాను. ఇప్పుడు చెప్పబోయేది నలుగురితో కూర్చుని పాటల చిక్కుముళ్ళు విప్పడం గురించి. అందులో మీరు అలవాటు చేసుకోవాల్సినది ఒక్కటే: సగం తెలిసినప్పుడే చెప్పేయడం. బడిలో మనకు నేర్పింది దీనికి పూర్తిగా ఉల్టా. జవాబు మొత్తం వస్తేనే చెయ్యెత్తాలి, సగం చెబితే కూర్చోమంటారు. పాతికేళ్ళ తర్వాత ఆఫీసు మీటింగులోనూ మనం అలాగే కూర్చుంటున్నాం. ఈ ఆట ఆ భయాన్ని వదిలిస్తుందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. నాకు వదిలింది, ఆలస్యంగా అయినా వదిలింది.

మాటను అక్షరాలుగా చూడండి

పొడుపు అంటేనే మాట ఒక దారిలో పోతుంటే అర్థం ఇంకో దారిలో నక్కి ఉండటం. "పని లేదు" అనగానే మన మనసు నిరుద్యోగం వైపు పోతుంది. పొడుపు కట్టినవాడు మనల్ని అటు పంపి, ఇటు అక్షరాలు దాచాడు. అందుకని ముందుగా అర్థాన్ని పక్కన పెట్టి అక్షరాలను చూడాలి.

మన స్వరాలకు ఒక్కో అక్షరమే పేరు కావడం మనకు కలిసొచ్చిన విషయం. స, రి, గ, మ, ప, ద, ని. ఈ ఏడింటితో ఎన్ని తెలుగు మాటలొస్తాయో ఒకసారి కాగితం మీద రాసి చూడండి. సరి, మరి, దరి, పద, పని, గని, గద, పగ, గరిమ. దీర్ఘాలు కూడా కలుపుకుంటే దారి, మామ, పాప, దాసరి. వాగ్గేయకారులు ఈ ఆటను ఎప్పుడో ఆడారు. సాహిత్యంలో పలికే అక్షరం, అక్కడ పాడే స్వరం ఒకటే అయ్యేలా కూర్చడాన్ని స్వరాక్షరం అంటారు. ముత్తుస్వామి దీక్షితులు అయితే చాలా కృతుల్లో రాగం పేరునే సాహిత్యంలో పొదిగారు. వినేవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని వింటే రాగం తన పేరు తానే చెప్పుకుంటుంది.

రాగంలో లేని స్వరాన్ని వర్జ్య స్వరం అంటాం. ఏడింటిలో రెండు వర్జ్యమై ఐదు మిగిలితే ఔడవ రాగం. అవధానంలో నిషిద్ధాక్షరి ఉన్నట్టే ఇక్కడ నిషిద్ధ స్వరాలు అనుకోండి. ఆ లేని రెండు అక్షరాలూ కలిసి ఒక మాట అయితే పొడుపు సగం తయారైనట్టే. మా షాపులో వచ్చినవి కొన్ని చెబుతాను.

"చేతిలో మనీ లేదు, అయినా అందరూ వెంటపడతారు." మ, ని లేవు. స, రి, గ, ప, ద ఉన్నాయి. అందరినీ మోహింపజేసేది మోహన. 1957లో వచ్చిన మాయాబజార్‌లో నౌకా విహారం పాట ఆ రాగమే. ఆ పాట తెలియని తెలుగు ఇల్లు ఉండదు కాబట్టి రాగాలు రానివాళ్ళకు కూడా ఈ పొడుపు విడుపు వెంటనే చెవికి తెలుస్తుంది.

"మదం లేని పక్షి." మ, ద లేవు. పక్షి అంటే హంస. హంసధ్వని. దీన్ని డిగ్రీ పిల్ల కట్టింది. మూడే మాటల్లో రాగం పేరూ, స్వరాలూ, హంస స్వభావమూ ఇమిడిపోయాయి. ఇంతకన్నా పొందికైన పొడుపు మా గుడ్డ ముక్క మీద ఇప్పటిదాకా రాలేదని నా అభిప్రాయం.

ఇంకొకటి: "దరి లేదు. ఊరు మాత్రం తడిసింది." ద, రి లేవన్నది టైలరన్న ఐదు సెకన్లలో చెప్పేశాడు. అప్పటికి ఆయనకు అలవాటైపోయింది. స, గ, మ, ప, ని. డిగ్రీ పిల్ల పాడి "గంభీరనాట" అంది. అందరం చప్పట్లు కొట్టాం. పొడుపు కట్టిన మాస్టారు మాత్రం తల అడ్డంగా ఊపారు. గంభీరనాటలోనూ ద, రి లేని మాట నిజమే. మరి ఊరు ఎందుకు తడిసింది? అప్పుడు గుర్తొచ్చింది, అమృతవర్షిణి. అవే ఐదు పేర్లు, కాకపోతే మధ్యమం మారుతుంది. గంభీరనాటది శుద్ధ మధ్యమం, అమృతవర్షిణిది ప్రతి మధ్యమం. ఎట్టయపురంలో ఎండిపోయిన నేలను చూసి దీక్షితులు ఆ రాగంలో పాడితే వాన కురిసిందని కథ చెబుతారు.

ఆ రోజు మేం నేర్చుకున్నది, పొడుపులో ఏ మాటా ఊరికే రాదు. సగం పొడుపుకు సరిపోయే జవాబు దొరకగానే మనసు సంబరపడిపోయి మిగతా సగాన్ని చూడటం మానేస్తుంది. జవాబు దొరికిందనుకున్న క్షణంలో ఆగి, పొడుపులోని ప్రతి మాట మీదా వేలు పెట్టి "ఇది ఎందుకుంది?" అని అడగండి. ఒక్క మాటకైనా సమాధానం లేకపోతే మీ చేతిలో ఉన్నది ఇంకా సగమే.

శ్రీశ్రీ, ఆరుద్ర ఇద్దరూ సినిమా పాటలు రాశారు, పత్రికల్లో గళ్ళ నుడికట్లూ కట్టారు. అది కాకతాళీయం అనుకోను. బాణీకి మాటను అతికించేవాడికీ, గడికి అక్షరాన్ని అతికించేవాడికీ చెవి ఒకటే.

కటపయాది

ఇది కాస్త ఓపికగా చదవండి. ఒక్కసారి పట్టుబడితే జీవితాంతం వదలని సరదా.

వేంకటమఖి పదిహేడో శతాబ్దంలో చతుర్దండి ప్రకాశికలో చూపిన 72 మేళకర్తల, అంటే మూల రాగాల, లెక్క ఆధారంగా, తర్వాతివాళ్ళు ప్రతి మేళకర్త పేరులోనే దాని వరుస సంఖ్యను దాచారు. పేరులో మొదటి రెండు అక్షరాలు చాలు. క నుంచి ఝ వరకు 1 నుంచి 9, ఞ సున్న. ట నుంచి ధ వరకు మళ్ళీ 1 నుంచి 9, న సున్న. ప నుంచి మ వరకు 1 నుంచి 5. య, ర, ల, వ, శ, ష, స, హ, ళ వరసగా 1 నుంచి 9. క, ట, ప, య నాలుగూ ఒకట్లే కాబట్టి కటపయాది. గుణింతంతో పనిలేదు. కా అయినా కే అయినా ఒకటే. వచ్చిన రెండంకెలను తిప్పి చదవాలి.

మాయామాళవగౌళ తీసుకోండి. మా 5, య 1. తిప్పితే 15. సంగీతం క్లాసులో మొదటి రోజు సరళీ స్వరాలు నేర్పే రాగం అదే. శంకరాభరణం లెక్కకు కుదరకపోతే ముందు "ధీర" చేర్చారు. ధీ 9, ర 2, తిప్పితే 29. కల్యాణికి "మేచ" తగిలించారు. మే 5, చ 6, తిప్పితే 65. తోడికి ముందు హనుమ వచ్చాడు. హ 8, ను 0, తిప్పితే 08.

సంఖ్యల నుంచి చక్రాలకు వెళితే అక్కడా పొడుపులే. 72 రాగాలను ఆరేసి చొప్పున పన్నెండు చక్రాలు చేశారు. వాటి పేర్లు ఇందు, నేత్ర, అగ్ని, వేద, బాణ, ఋతు, ఋషి, వసు, బ్రహ్మ, దిశి, రుద్ర, ఆదిత్య. చంద్రుడు ఒక్కడు, కళ్ళు రెండు, వేదాలు నాలుగు, మన్మథుడి బాణాలు ఐదు, ఋతువులు ఆరు, రుద్రులు పదకొండు, ఆదిత్యులు పన్నెండు. పేరే నంబరు. మా మాస్టారు ఇది చెప్పిన రోజు, సంగీతం అంటే తనకు కాని విషయమనుకునే టైలరన్న వసువులు ఎనిమిది మంది అనీ, దిక్కులు పది అనీ తనంతట తానే చెప్పాడు. భాగవతం హరికథలు వింటూ పెరిగినవాడికి అవి కొత్త కాదు. తనకు తెలిసినదానికి ఇక్కడ చోటుందని ఆ రోజే ఆయనకు తెలిసింది.

ఇక్కడ రెండు గోతులున్నాయి. చాలామంది నటభైరవి అని రాస్తారు. అలా రాస్తే న 0, ట 1, తిప్పితే 10 వస్తుంది. పదోది నాటకప్రియ. అసలు పేరు నఠభైరవి. ఠ 2 కాబట్టి 20. ఒక్క ఒత్తు జారితే పది రాగాల అవతల పడతాం. రెండోది సంయుక్తాక్షరం. రత్నాంగిలో "త్నా"కు న లెక్క, అది సున్న, కాబట్టి 02. అదే పద్ధతిలో చక్రవాకంలో "క్ర"కు ర తీసుకుంటే 26 వస్తుంది. 26 చారుకేశి. చక్రవాకం 16, అక్కడ లెక్కకు వచ్చేది క. నియమం ఉందనుకుని కళ్ళు మూసుకుపోతే ఇలాంటి చోట తప్పుతాం. అందుకే సంఖ్య వచ్చాక స్వరాలతో ఒకసారి సరిచూసుకోవాలి.

ఈ లెక్క వచ్చినవాళ్ళకు సినిమా పొడుపులు కూడా వేరే రంగులో కనిపిస్తాయి. 2023లో నాటు నాటు పాటకు ఆస్కార్ వచ్చిన కొత్తలో మా గుడ్డ ముక్క మీద "ఆస్కార్ ఎత్తుకొచ్చిన 21" అని కనిపించింది. కీ 1, ర 2, తిప్పితే 21. కీరవాణి. ఆయనే తమిళంలో మరకతమణి, హిందీలో ఎం.ఎం. క్రీమ్. ఒక మనిషికి మూడు పేర్లు ఉండటం పొడుపు కట్టేవాళ్ళకు పండగ. లెక్కలు ఇష్టం లేనివాళ్ళకు వంశవృక్షం ఉంది. "ఒక రావు కొడుకు, ఒక రాజు కొడుకు చేతులు కలిపారు" అంటే రాజ్–కోటి. సాలూరి రాజేశ్వరరావు కొడుకు కోటి, టి.వి. రాజు కొడుకు రాజ్.

"కాదు" అనే మాట

ఈ భాగం రాయడం నాకు కష్టం. అయినా ఈ అధ్యాయం రాయడానికి కారణమే ఇది.

మా బృందంలో విమానాశ్రయం కార్గోలో పనిచేసే కుర్రాడు ఒకడుండేవాడు. పాలమూరు వైపు నుంచి వచ్చాడు. నైట్ డ్యూటీ ముందు గంటసేపు మాతో కూర్చుని, బండి మీద శంషాబాద్ వైపు పోయేవాడు. ఎక్కువ మాట్లాడడు. ఒక ఆదివారం మాస్టారి పొడుపు ఇది: "దేవుడి దాసుడి కోసం ఒకరు మొదలుపెట్టారు, ఇద్దరు ముగించారు. ఆ ఇద్దరిదీ ఒకటే పేరు."

దేవుడి దాసుడు దేవదాసు అని అందరికీ తట్టింది. 1953 సినిమా, సంగీతం సి.ఆర్. సుబ్బరామన్. ఆ ఇద్దరెవరు? ఎవరూ మాట్లాడని ఆ నిశ్శబ్దంలో ఆ కుర్రాడు మెల్లగా "విశ్వనాథన్ అనుకుంట" అన్నాడు.

నేను వెంటనే, "కాదు తమ్మీ, ఆయన తమిళాయన. మరోచరిత్ర, అంతులేని కథ చేసిండు. అవి డెబ్బయిల సినిమాలు. దీనికేం సంబంధం లేదు" అన్నాను. గట్టిగానే అన్నాను. నాకు ఆ సినిమాల సంవత్సరాలు తెలుసు కాబట్టి నా మాటలో ధీమా ఉంది. కుర్రాడు తల దించుకున్నాడు. కాసేపటికి డ్యూటీ టైమైందని లేచి వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక మాస్టారు చెప్పారు. దేవదాసు పూర్తికాకముందే 1952లో సుబ్బరామన్ చనిపోయారు. మిగిలిన పని పూర్తి చేసింది ఆయన దగ్గరే పనిచేస్తున్న ఎం.ఎస్. విశ్వనాథన్, టి.కె. రామమూర్తి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇద్దరూ విశ్వనాథన్–రామమూర్తి అనే జంట పేరుతోనే సంగీతం చేశారు. కుర్రాడు చెప్పింది సగం జవాబు. నేను "కాదు" అనకుండా ఉంటే మిగతా సగం ఆ గదిలోనే దొరికేది. మాస్టారి దగ్గరే ఉంది కదా.

ఆ కుర్రాడు మూడు ఆదివారాలు రాలేదు. నాలుగో వారం తిమ్మాపూర్‌లో అతను ఉండే గదికి వెళ్ళాను. బయట అరుగు మీద కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. "తమ్మీ, నువ్వు చెప్పింది కరెక్టే. తుంచేసింది నేను. మాఫ్ చెయ్యి" అన్నాను. అతను కంగారుపడి లేచాడు. "గట్లంటరేంది అన్నా. మా అమ్మ మరోచరిత్ర పాటలు పాడేది. గాయన పేరు ఎక్కడున్నా నేను చదువుతుంట. దేవదాసు గురించి ఎక్కడ్నో విన్న. గానీ రెండో ఆయన పేరు తెల్వదు. అందుకే మళ్ళ చెప్పబుద్ధి కాలే."

రెండో ఆయన పేరు తెలియదు కాబట్టి చెప్పబుద్ధి కాలేదు. ఈ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. మనం రోజూ ఎంతమంది నోళ్ళు ఇలా మూయిస్తున్నామో. ఇంట్లో పిల్లల నోళ్ళు, కింద పనిచేసేవాళ్ళ నోళ్ళు, కొత్తగా వచ్చిన కోడలి నోరు. మన దగ్గర ఉన్న కొద్దిపాటి జ్ఞానంతోనే మూయిస్తాం. ఏమీ తెలియనివాడు "కాదు" అనడు. నాలుగు సంవత్సరాల సంఖ్యలు నోటికి వచ్చినవాడే అంటాడు.

ఆ మరుసటి ఆదివారం నుంచి మా షాపులో "కాదు" అనే మాట లేదు. దాని బదులు "ఇంకా?" అంటాం. ఎవరైనా ఏదైనా చెప్పగానే, అది ఎంత అడ్డదిడ్డంగా ఉన్నా, "ఇంకా?" అని అడుగుతాం. చెప్పినదాన్ని టైలరన్న ఆర్డర్ల పుస్తకంలో రాస్తాడు. ఆ పుస్తకం తెరిస్తే ఒక పేజీలో ఛాతీ 38, నడుము 34, పొడవు 29 అని ఉంటుంది. పక్క పేజీలో "ద రి లేదు", "గంభీరనాట?", "తడిసింది ఎందుకు?" అని ఉంటుంది. తప్పనుకున్నవీ కొట్టేయం. మూడు పొడుపుల తర్వాత వాటిలో ఒకటి పనికొచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

మీ ఇంట్లో, మీ ఆఫీసులో రేపే మొదలుపెట్టగలిగే పని ఇది. ఒక్క వారం "కాదు" మానేసి "ఇంకా?" అనండి. ఎదుటివాళ్ళ ముఖం ఎలా మారుతుందో చూడండి.

ఆధారం అడగడం వేరు

"కాదు" అనకూడదంటే ఏది చెప్పినా ఒప్పుకోవాలని కాదు. పొడుపు విడిపోయాక రుజువు అడగాలి. పాత సినిమాల విషయంలో తెర మీద పడిన పేరు కూడా మొత్తం కథ చెప్పదు. మాయాబజార్‌కు సంగీత దర్శకుడు ఘంటసాల. కానీ కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావు కట్టి తప్పుకున్నాక ఆయన చేపట్టిన సినిమా అది. ఇలాంటివి తెలియకుండా వాదిస్తే ఇద్దరూ సగం సగం నిజం పట్టుకుని రాత్రి పదిదాకా కొట్టుకుంటారు. "నువ్వు చెప్పింది తప్పు" అనేకన్నా "నీకు ఇది ఎక్కడ దొరికింది?" అని అడగండి. దాంతో గొడవ పరిశోధనగా మారుతుంది. వి.ఎ.కె. రంగారావు గారు వేలాది గ్రామఫోన్ రికార్డులు సేకరించి పాటల గురించి రాసింది ఈ దారిలోనే. రికార్డు మీది లేబుల్, హాల్లో అమ్మిన పాటల పుస్తకం, తెర మీది పేర్లు మూడూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు తక్కువ. చూసినవాళ్ళ మాటకు విలువ ఎక్కువ.

మాస్టారి తరానికి ఈ చెవిని ఇచ్చింది రేడియో. పాట ముందు సినిమా పేరు, రాసినవారు, పాడినవారు, సంగీతం అన్నీ వరసగా చెప్పేవారు. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గొంతు, వివిధ భారతిలో జనరంజని ఆయనకు ఇప్పటికీ కళ్ళు మూస్తే వినిపిస్తాయట. ఇప్పుడు ఫోన్లో పాట వస్తుంది, రాసినవారి పేరు రాదు. పిల్లలకు పేర్లు తెలియడం లేదని ఆయన బాధ. ఆ బాధ న్యాయమైనదే. 2000ల మొదట్లో హాస్యంలోని హా, సంగీతంలోని సం కలిపి హాసం అని పత్రిక వచ్చింది, దాని పేరుతో ఊళ్ళలో క్లబ్బులూ నడిచాయి. నలుగురు కలిసి పాట గురించి మాట్లాడుకోవాలనే ఆకలి మనకు కొత్తది కాదు.

మీరు పెట్టుకుంటే

ఐదుగురు చాలు. ఎనిమిది దాటితే సిగ్గరులు మళ్ళీ మూగబోతారు. అందరూ సంగీతం తెలిసినవాళ్ళే అయితే మాత్రం వద్దు. మా గదిలో మొదటి తాళం చెవి ఎక్కువసార్లు టైలరన్న చేతిలోనే ఉంటుంది, ఎందుకంటే ఆయన మాటను మాటగా చూస్తాడు. మాకు రాగం కనిపించేచోట ఆయనకు అక్షరం కనిపిస్తుంది. ఫోన్లు బల్ల కింద పెట్టండి, పొడుపు విడిపోయాక సరిచూసుకోవడానికి తీయండి. ముందే వెతికితే జవాబు దొరుకుతుంది గానీ డిగ్రీ పిల్ల పాడదు, మాస్టారు గొణగరు. మనం కూర్చున్నది ఆ పాట కోసం, ఆ గొణుగుడు కోసం.

పొడుపు కట్టడం వంతులవారీగా చేయండి. కట్టేవాడి బాధ్యత రెండు: జవాబు ఒక్కటే ఉండాలి, దానికి దారి పొడుపులోనే ఉండాలి. కట్టినవాడు తన తెలివి చూపించుకోవడానికి కడితే అది విడిపోదు, విడిపోయినా ఎవరికీ సంతోషం ఉండదు. ఎల్గార్ అనే ఇంగ్లండ్ సంగీతకారుడు 1899లో ఒక రచన చేశాడు. ఒకే బాణీకి పద్నాలుగు రూపాంతరాలు, చాలావాటికి శీర్షికగా స్నేహితుల పేర్లలోని పొడి అక్షరాలు. ఎవరి మీద ఏది కట్టాడో పోల్చుకున్నారు. వీటన్నిటి వెనకా వినిపించని ఇంకో బాణీ ఉందని ఆయన అన్నాడు. అదేమిటో చెప్పకుండానే పోయాడు. నూట ఇరవై ఏళ్ళు దాటినా జనం వెతుకుతూనే ఉన్నారు. విప్పలేని ముడి గొప్పదే కావచ్చు. కానీ నా మనసు ఆ పద్నాలుగింటి వైపే పోతుంది. ఒక మనిషి నవ్వునో నడకనో పాటగా కట్టి, "ఇది నువ్వే, పోల్చుకున్నావా?" అని అడగడం ఎంత ప్రేమ.

కార్గో కుర్రాడు తిరిగి వచ్చాక ఏడు వారాలు ఏమీ కట్టలేదు. ఎనిమిదో వారం అందరికన్నా ముందొచ్చి, గుడ్డ ముక్కను చేత్తో రెండుసార్లు దులిపి, సుద్దతో రాశాడు. అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి.

గద లేని వీరుడు. అందరూ ఇంటికి లేచే వేళకు వస్తాడు.

మాస్టారు చదివి కళ్ళు మూసుకున్నారు. డిగ్రీ పిల్ల వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నాకు జవాబు తట్టలేదు. కచేరీలు ఎలా ముగుస్తాయో మాత్రం గుర్తొచ్చింది. కుర్రాడు నా వైపే చూస్తున్నాడు.

"తమ్మీ, నాకు సగమే తెలుస్తుంది" అన్నాను.

"ఇంకా, అన్నా?" అన్నాడు.